కుండీ గోడ

మా ఆయనకి ఏ ఫొటో చూపించినా ముందు అడిగేది "ఏంటది?" అనే. ఫలానా అని నేను చెప్పగానే "ఆయ్, అదా" అని ఫోను నా చేతిలో పెట్టేసి మళ్లీ పేపర్లో తల దూర్చేస్తారు. రొయ్యల చెరువు మీద నురగ అంటే నురగ, నావ అడుగున తారు అంటే తారు. పేరు తెలిసిపోయింది కాబట్టి ఇంక దాన్ని చూడక్కర్లేదు. తీసిన మనిషి పక్కనే నిలబడి ఎదురు చూస్తోందన్న ధ్యాస కూడా ఉండదు.

ఒళ్లు మండదా మరి? నాకు అసలే ముక్కు మీద కోపం. రాజోలు దగ్గర హైస్కూల్లో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పిల్లలకి హిందీ చెప్పినదాన్ని. స్టెల్లా టీచరు వస్తోందంటే వరండాలో గోల అణిగిపోయేది. ఇంట్లో మాత్రం నా కోపం చెల్లదు. మా ఆయన కృపానందం గారు కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కరెంటు పోయిందని జనం మీదికొచ్చి అరుస్తుంటే నెమ్మదిగా వినడమే ఆయన ఉద్యోగం. ఇప్పుడు నేను అరిచినా అలాగే వింటారు. అరిచి అరిచి నేను అలసిపోయాక "కాఫీ పెట్టమంటావా?" అంటారు. అలాంటి మనిషితో ఎలా పోట్లాడతాం చెప్పండి.

ఈ ఫొటోల పిచ్చి నాకు రిటైరయ్యాక పట్టింది. పట్టించింది మా పెరట్లో నీళ్లకుండీ. బోరు పక్కన సిమెంటుతో కట్టించిన పాత కుండీ అది, గిన్నెలు తోముకోవడానికీ బట్టలు ఉతుక్కోవడానికీ. వానాకాలంలో ఒకరోజు కాకినాడలో ఉన్న మా అమ్మాయి బ్లెస్సీతో అక్కడ నిలబడి ఫోన్లో మాట్లాడాను. మాట్లాడి పెట్టేస్తుంటే నా వేలు ఎక్కడ తగిలిందో కెమెరా తెరుచుకుంది. తెర నిండా కుండీ గోడ. కానీ అది గోడలా లేదు. ముదురాకుపచ్చ, అక్కడక్కడా నల్లటి తడి, పైనుంచి కిందికి వంకరగా ఒకే ఒక్క తెల్ల గీత. పగుల్లోంచి సున్నం కారి ఎండిపోయిన చార అది. ఇన్నేళ్లూ ఆ గోడ ముందే వంగి గిన్నెలు తోమాను, ఒక్కసారీ దాన్ని చూడలేదు. పొయ్యి మీద అన్నం సంగతి మర్చిపోయి అలాగే నిలబడిపోయాను. సంతోషం వేసింది. ఎందుకంటే చెప్పలేను, వేసింది అంతే. అన్నం మాడింది కూడా.

తర్వాత యూట్యూబులో వెతికితే తెలిసింది, ఇలాంటివాటిని అబ్‌స్ట్రాక్ట్ ఫొటోగ్రఫీ అంటారని. తెలుగులో నైరూప్యం అని రాస్తారు, ఆ మాట వింటే ఎవరికైనా దడ పుడుతుంది. అందులో దడుచుకునేదేమీ లేదు. రంగు, గీత, వెలుగు, నీడ. మిగతాదంతా పక్కన పెట్టేయడమే. నేను నాకు నేనుగా నేర్చుకున్న పద్ధతి ఒకటుంది: దేన్నైనా సరే, దాని పేరు ఊడిపోయేదాకా దగ్గరికి వెళ్లాలి. చీపురు దూరం నుంచి చూసినా చీపురే, దగ్గరకెళ్లినా చీపురే. ఇంకా దగ్గరకెళ్తే ఒకచోట అది చీపురు కావడం మానేస్తుంది. అక్కడ ఆగాలి. కాస్త ముందుకెళ్తే మసక, కాస్త వెనక్కొస్తే మళ్లీ చీపురు.

వెలుగు సంగతి మరీ ముఖ్యం. ఎండ నడినెత్తిన ఉండగా తీస్తే ఎంత మంచి గోడైనా పాలిపోయినట్టుంటుంది. పొద్దున్నే ఏటవాలుగా పడే ఎండైనా కావాలి, మబ్బు పట్టి తడి తడిగా ఉన్న వేళైనా కావాలి. మన కోనసీమలో తడికేం లోటు? అన్నిటికంటే కష్టం అంచులు. ఫొటో మూలన బకెట్టు పిడి ఒక్కటి కనిపించిందా, చూసేవాళ్ల కళ్లు తిన్నగా దాని మీదికే పోతాయి. "ఓహో, బకెట్టు" అని హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఇక ఆ ఫొటో పని అయిపోయినట్టే. అందుకని తీసేముందు నాలుగు అంచులూ తడిమి చూసుకుంటాను.

అలా ఊళ్లు పట్టుకు తిరగడం మొదలుపెట్టాను. అల్లవరంలో మా చెల్లెలు శాంతి వాళ్ల రొయ్యల చెరువుల మీద నీళ్లని చిలికే ఏరేటర్లు చిమ్మే నురగ తీశాను. పక్క చెరువాయన నేను మత్స్యశాఖ నుంచి తనిఖీకి వచ్చాననుకుని కొబ్బరి బొండం కొట్టించి ఇచ్చాడు. కాదని చెప్పాక ఇంకోటి ఇచ్చాడు, మనవాళ్లు అంతే. సఖినేటిపల్లి రేవులో బోర్లించిన నావ అడుగున తారు తీశాను. సందుల్లో తిరిగే ఆర్టీసీ బస్సుకి పక్కన కొబ్బరిమట్టలు గీసిన గీతలు తీస్తుంటే, కంప్లయింటు పెడతానేమోనని కండక్టరు దిగి వచ్చాడు. ఆ గీతలు ఎంత బాగున్నాయో అతనికి చూపించాను. అతను ఒకసారి బస్సుని, ఒకసారి నన్ను చూసి రైట్ చెప్పేశాడు.

జనం ఏమన్నారంటారా? పక్కింటి భవాని జాలిపడింది. చెయ్యి వణుకుతోందేమో, మంగళవారం మంగళవారం నరాల డాక్టరు గారు వస్తున్నారు, చూపించుకోమంది. మా చర్చి సంఘంలో ఒకావిడకి నురగ ఫొటో నచ్చింది. నచ్చి, దాని మీద పెద్ద అక్షరాలతో బైబిలు వాక్యం రాసి, చుట్టూ గులాబీలు పెట్టి గ్రూపులో పంపింది. వాక్యం బాగుంది. నా ఫొటోయే కనపడలేదు. వీళ్లెవరి మీదా నాకు కోపం లేదు. వాళ్లు చూడకపోతే నాకు పోయేదేమీ లేదు.

పోయేది మా ఆయన దగ్గర. ఉన్నమాట చెప్పేస్తాను. ఈ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశాను. ఆయనకి నచ్చినవన్నీ నేను చూశాను. క్రికెట్టు చూశాను, గోదారి వరదనీటి మట్టాలు చూశాను, ఆఖరికి ట్రాన్స్‌ఫార్మర్లు కూడా చూశాను. నాకు ఈ వయసులో ఒకటి దొరికింది. దాన్ని ఆయన నా పక్కన నిలబడి ఒక్క నిమిషం చూడాలి. "ఏంటది" అనకుండా చూడాలి. నాకు కావలసింది ఇదొక్కటే. అడిగి చూపించుకుంటే అది చూడటం కాదు కాబట్టి అడగలేదు.

నిరుడు క్రిస్మస్ ముందు ఇంకో ముచ్చట జరిగింది. మా ఇళ్లల్లో డిసెంబరు వస్తే గోడలకి సున్నాలు, తలుపులకి రంగులు. మా ఆయన ఇంటి సున్నంతో ఆగరు, పెరట్లో కుండీని కూడా తీగ బ్రష్షుతో గోకి, బ్లీచింగు కొట్టి తెల్లగా సున్నం వేస్తారు. ఏటేటా ఉన్నదే, నాకెప్పుడూ పట్టలేదు. నిరుడు మాత్రం నేను బజారు నుంచి వచ్చి పెరట్లోకి వెళ్లేసరికి నా ఆకుపచ్చ లేదు, నా తెల్ల గీత లేదు. కుండీ పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. ఆయన చేతులు కడుక్కుంటూ ఎలా ఉందని అడిగారు. నేను లోపలికి వెళ్లిపోయి రెండు రోజులు మాట్లాడలేదు. ఎందుకో ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు. పాచి పోయిందని ఏడుస్తున్నానని ఎలా చెప్పుకుంటాం, చెప్పండి? అదృష్టం కొద్దీ వానల్లో తీసిన ఫొటో ఫోన్లో ఉండిపోయింది.

ఈ ఏడాది ఆగస్టులో ఫొటోగ్రఫీ దినోత్సవానికి అమలాపురంలో ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్లు ప్రదర్శన పెట్టారు. దాని సెక్రటరీ శ్యామ్ బాబు నా దగ్గర చదువుకున్నవాడే. హిందీలో అత్తెసరు మార్కులు, ఫొటోల్లో మాత్రం దిట్ట. నేనూ ఫొటోలు తీస్తున్నానని విని, సరదాగా తీసేవాళ్లకి కూడా ఒక గోడ ఇచ్చామని, ఒకటి పంపమని ఫోన్ చేశాడు. నాకు ఆశ పుట్టింది. బహుమతి గురించి కాదు. ఫోన్లో అయితే మా ఆయన తిరిగి నా చేతిలో పెట్టేస్తారు, హాల్లో గోడకి అంత పెద్దది తగిలిస్తే ఎవరి చేతిలో పెడతారు? చూసి తీరాలి. కుండీ గోడే పంపాలని అప్పటికప్పుడే నిర్ణయించేసుకున్నాను. అదేమిటో మాత్రం ఆయనకి చెప్పకూడదనుకున్నాను.

ఆయన వారం పాటు నా ప్రాణం తీశారు. అన్నం తింటూ అడిగారు, ప్రార్థన అయ్యాక అడిగారు. అరటాకా? పాము కుబుసమా? కొత్తపేటలో మీ పెద్దమ్మ గారి దుప్పటా? నేను నోరు విప్పలేదు. విప్పకుండా ఉండటం నాకెంత కష్టమో నా దగ్గర చదువుకున్న పిల్లలకి తెలుసు.

ఫొటో పెద్దది చేయించాలంటే మా రాజోలులో రాంబాబు స్టూడియోకే వెళ్లాలి. అతను ఇక్కడ సరిచేసి పంపితే రాజమండ్రి ల్యాబులో ప్రింటు తీసి, సన్‌బోర్డు అట్టకి అంటించి బస్సులో పంపుతారు. రాంబాబు బంగారం లాంటి మనిషి. మా బ్లెస్సీ పెళ్లి ఆల్బం అతను చేసిందే. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, వీటితో అతని కంప్యూటరు నిండిపోయి ఉంటుంది. నా ఫొటో తెర మీద పెట్టుకుని తల పంకించి చూశాడు.

"బేగ్రౌండు చాలా బాగుందండి టీచర్ గారూ."

అది బ్యాక్‌గ్రౌండు కాదు, అదే ఫొటో అన్నాను. ఆయ్ అన్నాడు. మనిషి తలూపాడు, నేను నమ్మేశాను. గోదారి వాళ్ల ఆయ్‌కి సరే అని కూడా అర్థం లేదు, మీరు చెప్పింది వినపడింది అని మాత్రమే అర్థమని ఆ క్షణంలో గుర్తు రాలేదు. అట్ట ఇంటికి తెచ్చి ఇవ్వక్కర్లేదని, ప్రదర్శన రోజు తిన్నగా హాలుకే తెచ్చేస్తానని అన్నాడు. నాకూ అదే బాగుందనిపించింది. మా ఆయన ముందుగా చూసే వీలుండదు కదా.

ఆ రోజు ఇద్దరం స్కూటరు మీద అమలాపురం వెళ్లాం. ఆయన ఇస్త్రీ చొక్కా, భుజం మీద తువ్వాలు. నేను బ్లెస్సీ కొన్న నీలం చీర. కళ్యాణమండపంలో పెట్టారు ప్రదర్శన. లోపల గోడల నిండా ఫొటోలు: గోదారి మీద పొద్దుగూకటం, వల విసిరే జాలరి, చేపని నోట కరుచుకున్న పిట్ట, ముడతల ముఖంతో నవ్వే ముసలమ్మ. ముసలమ్మలే నలుగురైదుగురు ఉన్నారు. బాగా తీశారు, నేను కాదనను. సరదాగా తీసేవాళ్ల గోడకి మధ్యలో ఒక ఖాళీ, దాని కింద "స్టెల్లా, రాజోలు" అని చీటీ. ఆ చీటీని రెండుసార్లు చదువుకున్నాను.

రాంబాబు కాగితం చుట్టిన అట్ట తెచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. బల్ల మీద పెట్టి, తాడు తెంపి, కాగితం లాగాడు.

నా ఆకుపచ్చ ఉంది. నా తెల్ల గీత ఉంది. దానికి కుడివైపు, ఫొటోలో సగం పైగా, నేనూ మా ఆయనా నిలబడి ఉన్నాం. బ్లెస్సీ పెళ్లిరోజు ఫొటో. ఆయన సూటులో, నేను కంచిపట్టులో, ఇద్దరం చేతులు జోడించి నవ్వుతున్నాం. మా చుట్టూ మెత్తగా తెల్లటి వెలుగు కూడా పెట్టాడు. నీళ్లకుండీ పాచి లోంచి ఇద్దరం ప్రత్యక్షమైనట్టున్నాం.

అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదేంటి రాంబాబూ?"

"ఖాళీగా ఉందని పెట్టేనండి," అన్నాడు. అతని గొంతులో రవ్వంత కల్మషం లేదు. "మీరు మొహమాటపడి చెప్పలేదనుకున్నానండి. డబ్బులేం వద్దండి, నా తరఫున."

అతని లెక్కలో మనుషులు లేని ఫొటో అంటే ఇంకా పూర్తికాని ఫొటో. పెళ్లికొడుకుని పెడతాడు, పాస్టరు గారిని పెడతాడు, ఎమ్మెల్యే గారిని గుండ్రంగా పెడతాడు. మనం కూడా ఏ ఫ్లెక్సీ చూసినా ముందు అందులో ఎవరున్నారా అనే చూస్తాం. అయినా తిట్టాను. ఆయ్ అని తలూపి ఈ పనేంటని, చెప్పింది బుర్రకెక్కదా అని, క్లాసులో తిట్టినట్టే తిట్టాను. అతను బిక్కచచ్చిపోయాడు. శ్యామ్ బాబు మధ్యలో దూరి, మళ్లీ తీయించాలంటే రాజమండ్రి నుంచి రావాలి, రేపటికి గానీ రాదు, ప్రదర్శన ఇవాళ్టితో సరి అన్నాడు.

ఈలోగా జనం మూగారు. ఆశ్చర్యం ఏమిటంటే అందరికీ నచ్చింది. ఎంత చక్కగా ఉన్నారో అని ఒకావిడ మెటికలు విరిచింది. ఇలాంటి బ్యాక్‌గ్రౌండు ఎక్కడ దొరికిందని ఒక ఫొటోగ్రాఫరు రాంబాబుని అడిగాడు. శ్యామ్ బాబు కూడా, పోనీ టీచర్ గారూ ఇలాగే పెట్టేద్దాం, నిండుగానే ఉంది, ద్వారం ఎదురుగా పెడదాం అన్నాడు. నా ఫొటోని ఇంతమంది మెచ్చుకోవడం అదే మొదటిసారి. అందులో నా ఫొటోని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడవడం నాకు చేతకాదు, పళ్లు బిగించి నిలబడ్డాను.

మా ఆయన వైపు చూశాను. ఆయన మురిసిపోతున్నారు. మురిసిపోతారని నాకు తెలుసు. ఆ సూటు ఫొటో అంటే ఆయనకి ప్రాణం. జన్మలో సూటు వేసుకున్నది ఆ ఒక్కరోజే. పెద్దది చేయించి మా ఇంటి హాల్లో పెడదామని ఎన్నోసార్లు అడిగారు, నా ముఖం పూరీలా ఉందని నేనే ఒప్పుకోలేదు. ఇప్పుడు అమలాపురంలో, అందరి ముందు, అంత పెద్దగా సూటులో ఉన్నారు. ఎవరో చెయ్యి కలిపారు కూడా.

ఆయన అలా నవ్వుతూనే నా వైపు తిరిగారు. నా ముఖం చూశారు. నవ్వు కాస్త తగ్గింది. మళ్లీ అట్ట వైపు తిరిగారు. భుజం మీది తువ్వాలు తీసి దులిపి, అట్ట మీద మా ఇద్దరి మీదా కప్పేశారు. కప్పి, వెనక్కి జరిగి నిలబడ్డారు.

మిగిలింది సన్నటి నిలువు ముక్క. మొత్తం ఆకుపచ్చ, మధ్యలో పైనుంచి కిందిదాకా తెల్ల గీత. మిగతాది కప్పేసరికి ఆ గీత ఎంత పొడుగుందో ఇప్పుడు తెలుస్తోంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు. ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అనుకున్నాను. ఆయన అడగలేదు. కళ్లు గీత పైనుంచి కిందికి నెమ్మదిగా దిగాయి, అడుగున ఒకచోట ఆగాయి, మళ్లీ పైకి వెళ్లాయి. చుట్టూ గోల జరుగుతోంది, ఆయనకి వినపడుతున్నట్టు లేదు. పెళ్లయిన కొత్తలో నన్ను కూడా అంతసేపు చూసిన గుర్తు లేదు నాకు.

"మనం లేకపోతేనే బాగుంది, స్టెల్లా," అన్నారు.

తర్వాత శ్యామ్ బాబు వైపు తిరిగి కట్టరు, స్కేలు అడిగారు. శ్యామ్ బాబు తటపటాయించాడు. అంత పెద్ద ఫొటో, అంత చక్కటి జంట, కోసేస్తారా అని రాంబాబు కూడా బాధపడ్డాడు. ఆయన వినలేదు, వినడంలో ఆయనకి అంత పేరున్నా. సూటు మీద స్కేలు ఆనించి, తెల్ల వెలుగు మొదలయ్యే చోటు చూసుకుని, పైనుంచి కిందికి తిన్నగా కోశారు. కోసేటప్పుడు ఒక్కసారి మాత్రం సూటులో ఉన్న తనని చూసుకున్నారు. కుళాయి తుప్పు కారిన గోధుమరంగు మూల ఒకటి మాతో పాటు తెగిపోయింది. నాకు ఇష్టమైన మూల అది. పోతే పోయింది.

ఆ నిలువు ముక్కని నా చీటీ మీద తగిలించారు. గోదారి పొద్దుకీ ఒక ముసలమ్మకీ మధ్య, సన్నగా, ఆకుపచ్చగా. జనం చాలామంది ఆగకుండా వెళ్లిపోయారు. కొందరు తల పక్కకి వంచి చూశారు. ఒకామె అంబాజీపేట నుంచి వచ్చిందట, దాని ముందే నిలబడి తన పిల్లకి గీత వెంట గాల్లో వేలు గీసి చూపించింది. రాంబాబు దూరంగా నిలబడి, వెళ్లి, మళ్లీ వచ్చి చూశాడు. నేను వెళ్లి అతన్ని టీ తాగమన్నాను. తిట్టిన నోటితోనే అడగాలి కదా.

మా ఆయన మాత్రం ఆ గోడ దగ్గర నుంచి కదల్లేదు. కాపలా కాసినట్టు నిలబడ్డారు. ఒక పెద్దాయన కళ్లజోడు సరిచేసుకుని, ఫొటోకి ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లి, వెనక్కొచ్చి, మా ఆయన్ని పట్టుకున్నాడు.

"ఏంటండీ ఇది?"

నేను టీ కప్పు పట్టుకుని అక్కడే ఉన్నాను. మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో తెలిసిపోయింది నాకు, ఆయన కనిపెట్టేశారు. గీత అడుగున చిన్న సిమెంటు బుడిపె ఉంది. కుండీ కారుతోందని ఒకప్పుడు ఆయన సొంత చేత్తో పెట్టిన అతుకు అది. తన అతుకుని తను పోల్చుకోలేరా? పేరు తెలిసిపోయింది ఆయనకి. తెలిసి కూడా ఇంతసేపటి నుంచీ చూస్తూనే ఉన్నారు.

"తెలీదండీ," అన్నారు ఆ పెద్దాయనతో. "చూస్తే బాగుంది కదండీ."

పెద్దాయన ఇంకాసేపు నిలబడి చూశాడు. నేను టీ తాగలేకపోయాను, చల్లారిపోయింది.

బహుమతి ముసలమ్మకి వచ్చింది, నలుగురైదుగురిలో ఎవరికో గుర్తు లేదు. సాయంత్రం అట్టలు దింపుకుని బయల్దేరాం. నా నిలువు ముక్కని ఒళ్లో పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. మా ఇద్దరి ముక్కని మా ఆయన పారేయనివ్వలేదు. స్కూటరు ముందు కాళ్ల దగ్గర నిలబెట్టి తాడు కట్టారు. పూరీ ముఖమైతే ఏమైంది, హాల్లో పెట్టుకోండి అన్నాను. ఆయన వెనక్కి తిరక్కుండానే ఆయ్ అన్నారు. బోడసకుర్రు వంతెన ఎక్కాక స్కూటరు నెమ్మది చేశారు. కింద వైనతేయ పాయ మీద ఎండ ఏటవాలుగా పడుతోంది, మంచి వెలుగు.

"నిరుడు క్రిస్మస్‌కి అందుకేనా నాతో మాట్లాడలేదు?" అన్నారు.

నేను ఊ అన్నాను.

"చెప్తే గోకేవాణ్ణి కాదు కదే."

"చెప్తే 'ఆయ్, అదా' అనేవోరు."

నవ్వారు. వంతెన దిగబోతుండగా అన్నారు.

"ఈ ఏడు సున్నం ఇంటికి మట్టుకే వేయిద్దాం. కుండీ జోలికెళ్లను."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ముందు ఆయన కాళ్ల దగ్గర అట్ట మీద మేమిద్దరం గాలికి ఊగుతూ, దారిన పోయేవాళ్లందరికీ దణ్ణం పెడుతూ రాజోలు దాకా నవ్వుకుంటూ వచ్చాం.